చందర్లపాడు అనే చుక్క

తడిసిన టార్పాలిన్ వాసన ముక్కుకు తగిలితే నాకు యేసురత్నం గారు గుర్తొస్తారు. ఈమధ్య ఒక వాన మధ్యాహ్నం, నందిగామలో నేను చూసుకునే ఎరువుల గోడౌన్ ముందు లారీ ఆగింది. మూడు బస్తాలు తడిసి గడ్డకట్టాయి. "డ్రైవరు దారిలో టార్పాలిన్ పట్టా విప్పాడు మేడం, ఏదో చేసుంటాడు," అన్నాడు హమాలీల మేస్త్రి. నాకూ అలాగే అనిపించింది. అనుమానించడంలో నేను ఎవరికీ తీసిపోను. అయినా చీర కుచ్చిళ్ళు దోపుకుని లారీ ఎక్కి చూశాను. పట్టా కుట్టు జానెడు మేర పిగిలిపోయి ఉంది. దిగి, డ్రైవరుకు టీ చెప్పాను. ఈ ఎక్కి చూసే అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు.

డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం జగ్గయ్యపేటలో, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి లారీలు కుదిర్చే చిన్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో. అక్కడ నా పైఅధికారి యేసురత్నం గారు. ఏళ్ళ తరబడి లారీ నడిపి, కాలు విరిగాక ఇన్‌ఛార్జి కుర్చీలో కూర్చున్న మనిషి. ఎవరి మాటా ఒక పట్టాన నమ్మేవారు కాదు. దారి ఎలా ఉందో టీ కొట్టువాణ్ని అడిగి వచ్చిన డ్రైవరుకు చీవాట్లు తప్పేవి కావు. "అట్నించి వచ్చేవాణ్ని అడగాలయ్యా. వాడి టైర్లకి బురదుందో లేదో చూసి మరీ నమ్మాలి," అనేవారు. నేను లోలోపల నవ్వుకునేదాన్ని.

మధ్యాహ్నం బాక్సు తిన్నాక కంప్యూటరులో ఒక ఆట ఆడేదాన్ని. నల్లటి తెర నిండా నక్షత్రాలు, ఒక్కో నక్షత్రం చుట్టూ గ్రహాలు. ఒక చుక్కనుంచి ఇంకో చుక్కకు దారులు కొన్నే ఉంటాయి. మన ఓడ వెళ్ళి చూసేదాకా అక్కడ ఏముందో తెలియదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఆడే ఆట అది, రోజుకు ఒక్కసారే ఓడలను కదపాలి. ఒకరోజు వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. "మధ్యలో బంకు లేకుండా అంత దూరం పంపుతున్నావేందమ్మాయ్? ఎట్టా తిరిగొస్తాయి?" నిజంగానే తిరిగి రాలేదు. ఆ మర్నాటి నుంచి ఆయన కుర్చీ నా పక్కకు చేరింది. ఇంగ్లీషు పేర్లు చదవలేక చుక్కలకు తన పేర్లు పెట్టుకున్నారు. మా సొంత నక్షత్రం జగ్గయ్యపేట, ఇంధనం దొరికేది వత్సవాయి. పాత ట్రిప్ షీట్ల వెనక ఆ పేర్లన్నీ రాయించి, ఒక్కోదాని ఎదుట "చూశాం" అనో "విన్నాం" అనో పెట్టించేవారు. ఆ రెండూ కలిపేస్తే ఊరుకునేవారు కాదు.

అలా ఉండగా మా పక్క రాజ్యం ఆటగాడు స్నేహం కలిపాడు. తన పటం మొత్తం పంపాడు. అందులో మాకు తెలియని దారి ఒకటి ఉంది, ఒక చిన్న చుక్క మీదుగా మంచి గ్రహాల గుంపుకు పోతుంది. కాపలా ఎవరూ లేరని రాశాడు. ఆ చుక్కకు యేసురత్నం గారు చందర్లపాడని పేరు పెట్టి, "ఊరికే ఎందుకిచ్చాడు?" అన్నారు.

"స్నేహితులమండి."

"మొహం చూశావా ఎప్పుడన్నా?"

నాకు చిర్రెత్తింది. "మీకు అందరూ దొంగలేనండి. లోకమంతా మీ లారీ రోడ్డు కాదు," అనేశాను. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేను షీటు మీద చందర్లపాడు ఎదుట "విన్నాం" అని విసురుగా గీకాను.

తరవాత నాలుగు రోజులకు గమనించాను. ముందు వెళ్ళి చూసొచ్చే మా చిన్న వేగు ఓడ నేను పెట్టిన చోట లేదు. ఇంకో రోజు నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆయన నా కుర్చీలోంచి లేస్తున్నారు. "ఏం లేదమ్మాయ్," అంటూ ఏదో కాయితం తన బల్ల సొరుగులో పడేశారు. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. అప్పటినుంచి ఆయన ఫోనులో నెమ్మదిగా మాట్లాడినా, నన్ను చూసి దగ్గినా నాకు కుట్రలాగే తోచింది. మా రహస్యాలు ఎవరికో అందుతున్నాయని గట్టిగా నమ్మాను. చివరికి ఓనరు దగ్గరికి వెళ్ళి ఆట సంగతి దాచి, "నేను లేనప్పుడు నా కంప్యూటరు ముట్టుకుంటున్నారండి, లోడు వివరాలు బయటికి పోతాయేమో," అన్నాను. లోడు వివరాలు తెరవడం ఆయనకు రాదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"నిప్పు లేనిదే పొగ రాదులే," అన్నాడు ఓనరు. ఆ సాయంత్రమే యేసురత్నం గారి కుర్చీ గేటు దగ్గర రేకుల కిందికి వెళ్ళింది. ఎండలు మండుతున్న రోజులవి. ఆయన కర్ర పట్టుకుని నా ముందునుంచే నడిచి వెళ్ళారు. నేను కంప్యూటరుకు పాస్‌వర్డ్ పెట్టుకున్నాను.

ఇక అడ్డెవరూ లేరు కదా. వేగు ఓడ తప్ప ఉన్న ఓడలన్నీ చందర్లపాడు దారిన పంపాను. మర్నాడు చూస్తే ఒక్కటీ లేదు. స్నేహితుడనుకున్నవాడే అక్కడ కాపు కాసి కూల్చేశాడు. అప్పుడు కూడా నాకు తట్టింది ఒక్కటే, ఈయనే వాడికి చెప్పి ఉంటాడని. రుజువు కోసం ఆయన ఖాళీ బల్ల సొరుగు లాగాను.

మా ట్రిప్ షీట్లే ఉన్నాయి. చందర్లపాడు పక్కన నా "విన్నాం" కింద ఆయన వంకర అక్షరాలు: "చిన్న ఓడ పంపి చూశా. చాటున ఓడలు కాపలా ఉన్నాయి. పెద్ద బండ్లు పంపొద్దని అమ్మాయికి చెప్పాలి. కోపంగా ఉంది, కాస్త చల్లారాక చెప్తా." ఆ కోపం చల్లారకముందే నేను ఆయన్ని గేటుకు పంపించాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ కాయితం పట్టుకుని రేకుల కిందికి వెళ్ళాను. "ఎందుకు చెప్పలేదండి?"

"ఇక్కడ కూర్చోబెట్టాక చెప్తే నమ్మేదానివా?" అన్నారు. కర్ర పక్కన పెట్టి చెప్పుకొచ్చారు. "చందర్లపాడు దానయ్య అని, నా లారీ మీద రెండో డ్రైవరు. ట్యాంకులో డీజిలు తగ్గిపోతుంటే వాడే తీసి అమ్ముతున్నాడనుకున్నా. కాదన్నా, మొత్తుకున్నా వినలా. నందిగామలో పక్కచుట్టతో సహా దింపేశా. పేటకొచ్చాక మెకానిక్కు ట్యాంకు అతుకు కింద చెయ్యిపెడితే డీజిలు తడి తగిలింది. వాళ్ళింటికెళ్ళా. మంచినీళ్ళిచ్చాడు. మాట్లాడలా. ఇంకోసారెళ్ళా. అంతే."

నేను చేతిలోని కాయితం మడతపెట్టాను.

"నన్ను అనుమానించావు, దాంట్లో తప్పేం లేదు. అనుమానం వచ్చిన చోటికెళ్ళి చూడాలిగా. ఆ సొరుగు ఆ రోజే లాగితే పోయేది."

అప్పుడే ఓనరుకు ఉన్నదున్నట్టు చెప్పి తిట్లు తిన్నాను. కుర్చీని నా చేతులతోనే లోపలికి మోసుకొచ్చాను. మిగిలిన ఒక్క వేగు ఓడతో మళ్ళీ మొదలుపెట్టాం. ఆయన పని మానేసేదాకా, ఏడాది పైనే ఆడాం. ఇప్పుడాయన లేరు. ట్రిప్ షీట్లు నా దగ్గరున్నాయి.

ఆయన నన్ను మళ్ళీ ఒక్క మాట అనలేదు. కాకపోతే తెర మీద చుక్క చూపించాలని మౌస్ మీదికి చెయ్యి చాపి, మధ్యలో ఆపేసేవారు. "ముట్టుకోవచ్చా అమ్మాయ్?" అనేవారు. అడగక్కర్లేదండీ అని ఎన్నిసార్లు బతిమాలినా, ఆఖరి రోజు వరకూ అడుగుతూనే ఉన్నారు. మొన్న పట్టా చూద్దామని లారీ ఎక్కుతుంటే నాకు వినపడింది ఆ ప్రశ్నే.