శుక్రవారం వచ్చే మూడో ఫోను

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు టెలిఫోన్ తీగలు లాగినవాణ్ణి. చదివింది ఊరి బడిలో ఆరో తరగతి. అయినా తెరెంగాను నది పొంగినప్పుడు పడవ మీద తీగ దాటించింది నేనే. మా ఇంటి గోడకు మూడు ప్రశంసాపత్రాలున్నాయి. మా ఊరి డెరూస్ నన్ను నమ్మింది వాటిని చూసే.

డెరూస్‌ది చేప అప్పడాల పని. చేప రుబ్బి, సగ్గుపిండి కలిపి, కర్రలా చుట్టి ఉడకబెట్టి, పల్చగా కోసి పెరట్లో తడికల మీద ఎండేస్తాడు. ఇరవై ఆరేళ్లు పక్కన కూర్చుని కోసింది భార్య జావియా. ఒకనాడు ఉప్పు ఎక్కువైందన్న మాట పెరిగి, డెరూస్ నోరు జారి తలాక్ అన్నాడు. ఆమె సంచి సర్దుకుని అదే ఊళ్లో తమ్ముడింటికి వెళ్లిపోయింది.

మాలో ఆ మాటకు మూడు నెలల గడువుంది. ఆలోగా మగవాడు "తిరిగి తెచ్చుకున్నాను" అంటే చాలు, పెళ్లి నిలుస్తుంది.

"వెళ్లి ఆ ఒక్క ముక్కా అనరా" అన్నాను.

"తనుగా పోయింది కదన్నా. రావాలనుందని చిన్న గుర్తు కనపడనీ, పరిగెత్తుకెళ్తా."

"గుర్తు కోసం నువ్వు, పిలుపు కోసం ఆమె. ఇద్దరూ ఇద్దరే మొండిఘటాలు!"

పదకొండు వారాలు గడిచాయి. అప్పుడే పోలీసులు వచ్చి, ఇళ్లలోని వైఫైలో దూరి మోసాలు చేస్తున్నారని ఊరివాళ్లను హెచ్చరించారు. డెరూస్ బెదిరి నన్ను పిలిచాడు. రౌటర్ చిట్టా తెరిచాను. ఒకటి అతని ఫోను. రెండోది టీవీ. మూడోదానికి పేరు లేదు, వట్టి అంకెలూ అక్షరాలూ. వాటిలో మొదటి సగం చూస్తే వస్తువు ఏ కంపెనీదో చెప్పేయగలను. ఇది ఏ కంపెనీదీ కాదు. శుక్రవారాలు మాత్రమే ఒంటిగంటకు వచ్చి, రెండు కాకముందే పోతోంది.

"జావియాదేమోనన్నా?" అన్నాడు డెరూస్.

"ఆవిడది మీటల ఫోను కదరా, దానికి వైఫై ఎక్కడిది? మగాళ్లంతా నమాజులో ఉన్న వేళ చూసి వస్తున్నాడు వీడు. మొహానికి గుడ్డ కట్టుకున్న దొంగ!"

"మరి పాస్‌వర్డ్ మా పెళ్లి తేదీ కదా?"

"ఊరంతా తిన్న పెళ్లి భోజనం. తేదీ ఎవరికి తెలీదు?"

ఆ ఫోను మళ్లీ రాకుండా కట్టేసి, కాఫీ తాగి, దర్జాగా ఇంటికి వచ్చాను.

తర్వాతి శుక్రవారం మసీదు నుంచి వచ్చేసరికి అప్పడాలు ఒక పక్కే ఎండి, వంకర్లు తిరిగి ఉన్నాయి.

"పక్కింటి సెనా అక్క ఇవాళ తిప్పలేదేమో. ప్రతి శుక్రవారం తనే తిప్పి పోతుంది" అన్నాడు డెరూస్. నేను పట్టించుకోలేదు.

మంగళవారంతో తలాక్‌కున్న మూడు నెలల గడువు దాటిపోయింది. బుధవారం నేను డెరూస్ పెరట్లో ఉండగా సెనా కంచె దగ్గరకు వచ్చి నిలదీసింది.

"ఏం డెరూస్, వైఫై తాళం మార్చేశావంట?"

"ఎవరు చెప్పారక్కా?"

"జావియా. శుక్రవారాలు నువ్వటు మసీదుకు పోగానే వచ్చి, అప్పడాలు తిప్పి వెనక మెట్ల మీద కూచునేది. చెప్పొద్దని ఒట్టేయించుకుంది. మొన్న శుక్రవారం, మరదలు కొనిచ్చిన కొత్త ఫోను ఎంతసేపు నొక్కిందో! అప్పడాలు ముట్టుకోకుండానే పోయింది."

"తిప్పేది నువ్వు కాదా?"

"నా మోకాళ్లకు నీ తడికలు కూడానా!"

చిట్టా తెరిచాను. ఆ శుక్రవారం ఒకటీ పది నుంచి ఒకటీ నలభై లోపల పదకొండుసార్లు ప్రయత్నం, పదకొండుసార్లూ తిరస్కారం. కొత్త ఫోన్లన్నీ యజమాని భద్రత కోసం, ఏ కంపెనీదో తెలియని మారు చిరునామాతో తిరుగుతాయని నాకు ఆ తర్వాతే తెలిసింది.

ఇద్దరం పరుగున ఆమె తమ్ముడింటికి వెళ్లాం. జావియా కిటికీ తెరవలేదు. లోపలి నుంచే మాట్లాడింది.

"తలాక్ అన్నది కోపంలో జారిన మాట. దాన్ని నేనేనాడూ నమ్మలా. పెళ్లి తేదీ తీసేసింది మాత్రం తీరిగ్గా కూచుని చేసిన పని."

"చేసింది నేనమ్మా" అన్నాను.

"ఎవరింట్లో కూచుని చేశారన్నయ్యా? పక్కన ఎవరున్నారు?"

మళ్లీ నిఖా చదివించుకుందామని డెరూస్ బతిమాలాడు. కిటికీకి లోపల గడియ పడింది.

కట్టేసినదాన్ని ఆరోజే విప్పేశాను. పాస్‌వర్డ్‌గా పెళ్లి తేదీ అలాగే ఉంది. డెరూస్ ఇప్పటికీ శుక్రవారం అప్పడాలు ఎండేసే మసీదుకు వస్తాడు. తిప్పడానికి మనిషిని పెట్టుకోడు. తిరిగి వచ్చి, వంకరపోయిన అప్పడాల మధ్య నిలబడి నన్ను చిట్టా చదవమంటాడు.

"నీ ఫోను. టీవీ."

"కిందికి చూడన్నా."

కింద ఏమీ ఉండదు. అయినా చూస్తాను.