మేకగుండె ముందు శ్రీరంగం

కొంటా బజారులో దుకాణం నడిపే శ్రీరంగానికి ఉన్న జబ్బు ఒక్కటే: దేనికైనా సరే, అవసరానికి పదింతలు తయారవడం. ఎండాకాలం మోకాలి లోతు శబరి నదిని దాటాల్సివచ్చినా, ముందు ఈత నేర్చుకుని గానీ దిగని రకం.

అలాంటి మనిషికి, బస్తర్ సంస్థానంలో కలరా తిరిగిన ఏడు ఒక చిక్కు వచ్చిపడింది. రోగులను చూడడానికి గోదావరి లాంచీలో వచ్చిన మిషను నర్సమ్మ, తనకు సాయంగా నిలబడిన సుశీలను మెచ్చుకుని, "మా నర్సుల బడిలో చేరమ్మా. వచ్చేముందు మనిషి శరీరం గురించి కొంచెం చదువుకో," అని చెప్పి వెళ్ళిపోయింది. సుశీల శ్రీరంగం తమ్ముడి కూతురు. తండ్రి పోయాక ఆయనింట్లోనే పెరిగింది.

"కొంచెమంటే ఎంత?" అన్నాడు శ్రీరంగం. "సోలెడా, కుంచెడా? ఆ అమ్మ చెప్పలేదేంది?"

"పైపైన చూసుకుంటే చాలేమో, పెద్దనాయనా."

"పైపైన ఏందమ్మా? అన్నీ లోపలే ఉంటయి గదా!"

భద్రాచలం నుంచి శరీరశాస్త్రం పుస్తకం తెప్పించాడు. సుశీల ఊపిరితిత్తుల దగ్గరుండగానే ఆయన పేగులు దాటేశాడు. ఇక దుకాణంలో బేరం సాగితే ఒట్టు. చింతపండు అమ్ముకుని ఉప్పు కొనడానికి అడవి పల్లె నుంచి వచ్చిన మాసాను పట్టుకున్నాడు.

"మాసా, ఊపిరి బిగబట్టు."

"ఉప్పు కోసం వచ్చిన సేఠ్."

"ఉప్పు యాడికీ పోదు. బిగబట్టు!"

మాసా బుగ్గలు పొంగించి, కళ్ళు తేలేసి, చివరికి బుస్సుమన్నాడు. శ్రీరంగం గబుక్కున లేచి రెండు చేతులూ జోడించాడు.

"చూసినవా సుశీలా! వీడు వద్దన్నా లోపలోళ్ళు ఆగలే. మనం నిద్రపోయినా వాళ్ళు పని మానరు. నౌకరీ అంటే అది!"

సుశీల నవ్వింది గానీ, ఆమెకూ ఒళ్ళు జలదరించింది. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, అక్కడ చప్పుడును మొదటిసారి విన్నట్టు విన్నది.

ఇంతలో ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. శెట్టిగారింటి పిల్ల నెత్తురు ముట్టుకుంటదట, ఇక దాన్ని ఎవరు చేసుకుంటరని. సుశీల రేవుకు పోవడం మానేసింది. ఒకరోజు పుస్తకం మూసి, "నేను నర్సుల బడికి పోను పెద్దనాయనా," అన్నది.

మరుసటి సంతరోజు, ఉల్లిపాయ వాసనకే ముక్కు మూసుకునే శ్రీరంగం, సంత నడిమధ్య కాశయ్య మాంసం కొట్టు ముందు నిలబడ్డాడు.

"కాశయ్యా, మేకగుండె చూపెట్టు."

"మీకా శెట్టిగారూ?"

"తినను. చదువుకుంటా."

సంత సంతంతా గుమిగూడింది. శ్రీరంగం కళ్ళు గట్టిగా మూసుకుని దోసిలి పట్టాడు. గుండె పడగానే కెవ్వుమన్నాడు. తర్వాత ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. ఆ పైన రెప్ప వెయ్యడమే మరిచిపోయాడు.

"ఏందయ్యా ఇది! నాలుగు గదుల ఇల్లు! తలుపులు కూడా ఉన్నయ్!"

ఆనాటి నుంచి కొంటాలో ఒకటే ముచ్చట: శ్రీరంగానికి పిచ్చెక్కింది. వారం వారం కాలేయమనీ, మూత్రపిండమనీ సంతకు పోతూనే ఉన్నాడు. ఇంటికొచ్చి బావి దగ్గర బిందెల కొద్దీ నీళ్ళు పోసుకునేవాడు. సుశీలకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కానీ ఆమె మళ్ళీ రేవుకు పోతే, ఆడవాళ్ళు ఆమె ఊసే ఎత్తలేదు. "మీ పెద్దనాయన ఈ వారం ఏం చూసిండే?" అని చుట్టూ చేరారు. పుస్తకం మళ్ళీ తెరుచుకుంది.

ప్రయాణం రోజు పడవ దగ్గర కాశయ్య ఆమెను పక్కకు పిలిచాడు.

"మొదటిరోజే అడిగిన తల్లీ, గింత నలుగురిలో ఎందుకు శెట్టిగారూ, ఇంటెనకకు తెచ్చిస్త గదా అని. 'నలుగురిలోనే కావాలె. ఊరికి నవ్వుకోను ఎవరో ఒకరు కావాలె గదా, పిల్లనిడిచి నన్ను చూసి నవ్వనీ' అన్నడు."

సుశీల గిరుక్కున తిరిగింది. మూటలు సర్దుతున్న శ్రీరంగం చెయ్యి పట్టుకుంది.

"నా కోసమేనా పెద్దనాయనా, అదంతా?"

ఆయన దొంగలా దొరికిపోయి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"మొదటివారం నీ కోసమే పోయిన తల్లీ. తర్వాత మాత్రం నా కోసమే. లోపల ఎంత బాగుంటదే!"