విప్పని ఎర్ర పీలికలు

నా చిన్నప్పుడు శ్రావణం దగ్గరపడుతోందంటే మా ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. భద్రాచలంలో, గోదావరి ఒడ్డుకు దగ్గరగా పల్లంలో, కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. అప్పటికింకా కరకట్ట లేదు. నాన్న సారపాక కాగితం మిల్లుకు వెదురు తోలే లారీల మీద పనిచేస్తూ వారాల తరబడి అడవిలోనే ఉండిపోయేవాడు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను. ప్రమాద హెచ్చరిక అంటూ మైకు పెట్టుకున్న జీపు వీధుల్లో తిరిగితే నేను కంచం వదిలి గడప దగ్గరికి పరుగెత్తేదాన్ని.

నీళ్ళకంటే నాకు మా ఇంటి సామాను అంటేనే ఎక్కువ భయం. పెళ్ళైన కొత్తలో ఒక వరదలో నాయనమ్మ ఇల్లంతా పోగొట్టుకుందట. ఆ తర్వాత ఆమె దేన్నీ పారేయలేదు. చిల్లుపడ్డ బిందెలు, మూతల్లేని డబ్బాలు, పాత చీరలు కుక్కిన పెద్ద ట్రంకుపెట్టె, అన్నీ అలాగే ఉండేవి. ఒక ఏడు వరదలో ఏది తీసుకోవాలో తేల్చుకునేలోపే నీళ్ళు గడప దాటాయి. ఇత్తడి గుండిగ కోసం వెనక్కి వెళ్ళిన నాయనమ్మ నడుముల్లోతు నీళ్ళలో పడిపోతే, మేం ఖాలా అని, అంటే పిన్ని అని పిలిచే పక్కింటావిడ జబ్బ పట్టుకుని బయటికి లాగింది.

ఖాలా బట్టలు కుట్టేది. మరుసటి ఎండాకాలం ఒకనాడు, కుట్టగా మిగిలిన ఎర్రగుడ్డ పీలికలు సంచి నిండా తెచ్చి మా నాయనమ్మ పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, ఇంట్ల ఉన్న ప్రతిదానికి ఒక పీలిక కట్టు. వాడిననాడు ఇప్పెయ్. వానలు పడేనాటికి ఏది కట్టినట్టే ఉంటదో, దాంతోని నీకు పనిలేదన్నట్టే" అంది.

కట్టే పని నాకు అప్పజెప్పింది. ఎంతో సంబరంగా కట్టాను. అన్నం గిన్నె, లాంతరు, చాట, నీళ్ళబిందె ఆ రోజే పీలికలు వదిలించుకున్నాయి. ఆ తర్వాత విప్పడం మందగించింది. అటకంతా ఎర్రగా వేలాడుతూనే ఉంది.

మబ్బులు పట్టేసరికి నాయనమ్మకు కుదురు తప్పింది. సొట్టపోయిన పళ్ళెంలో కోడికి నీళ్ళు పోసి, దాని పీలిక విప్పేది. ట్రంకుపెట్టె తెరిచి, చీరలు మళ్ళీ మడతపెట్టి, దాని ముడీ విప్పేసింది. నేను చూస్తుంటే, "వాడిన గదా!" అని కసిరింది. అమ్మ కూడా చూసింది. నెలలు నిండిన మనిషి, గొడవపడే ఓపిక లేక ఊరుకుంది.

గోదావరి రానే వచ్చింది. మధ్యాహ్నానికే మోరీల్లోంచి నీళ్ళు ఎగదన్నాయి. నాన్న కబురు లేదు. ఖాలా పెనిమిటి ఎక్కడో ఒక ట్రాక్టరు ట్రాలీ మాట్లాడుకొచ్చాడు. అందులోనే రెండిళ్ళవాళ్ళం పోవాలి. నాయనమ్మ సామానంతా అరుగు మీదికి చేర్చింది. ఒక్కదానికీ ఎర్ర పీలిక కనిపించలేదు.

ఖాలా ఆ కుప్పను చూసింది, నాయనమ్మను చూసింది. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు బిడ్డా. ఇంట్ల ఏది రోజు చేతికొస్తదో నీకు ఎరుకే గదా" అంది.

బియ్యం సంచి, అన్నం గిన్నె, లాంతరు, దుప్పట్లు, అమ్మ మందుల డబ్బా చూపించాను.

"మరి నా పెట్టె?" అంది నాయనమ్మ.

"నువ్వు వాడలేదు నాయనమ్మా. ఊకె మడతపెట్టినవ్."

ఆమె కోపంతో ఆ పెట్టెను తనే ట్రాలీలోకి ఎక్కించింది. ఖాలా తన కుట్టుమిషను, ఒక వంటగిన్నె మాత్రమే పెట్టుకుంది. చివరికి అమ్మ వచ్చేసరికి ఆమె కాలు చాపుకునే చోటు కూడా మిగల్లేదు. ఒక చేత్తో కడుపు, ఒక చేత్తో ట్రాలీ అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"జల్దీ ఎక్కుండ్రమ్మా! ఇంజన్ల నీళ్ళు పోతే బండి కదలది" అని డ్రైవరు అరిచాడు.

నాయనమ్మ అమ్మను చూసింది. పెట్టెను చూసింది. ఎవర్నీ అడగలేదు. ట్రాలీలోకి ఎక్కి, ఆ పెట్టెను రెండు చేతులతో కిందికి నెట్టేసింది. "నువ్వు పండుకో బిడ్డా" అని దుప్పటి పరిచింది.

ఎత్తు మీదున్న బడిలో తలదాచుకున్నాం. మేమక్కడ ఉండగానే చెల్లి పుట్టింది. పొడిగుడ్డ దొరకకపోతే, చింకి చీర కూడా ఎవరికీ ఇవ్వని నాయనమ్మ, తన ఒంటి మీది చీర చెంగు చింపి పసిదానికి చుట్టింది. నాన్న అక్కడే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి కలిశాడు. నీళ్ళు తీశాక ఇంటికి వెళితే, వాకిట్లో పెట్టె ఒండ్రులో సగం కూరుకుపోయి కనిపించింది. నాయనమ్మ మూత తీసి చూసి, "ఇవి లేకుండ గూడ పొద్దులు గడిచినయ్ గదా" అని లోపలికి నడిచింది.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. ఊరికి కట్ట వచ్చింది, హెచ్చరికలు ఫోన్లో వస్తున్నాయి. నా గుండె దడ మాత్రం తగ్గలేదు. ప్రతి ఎండాకాలం నా బీరువాలోని వాటన్నిటికీ పీలికలు కట్టుకుంటాను. నాకూ మోసం చేయాలనిపిస్తుంది. ఎన్నడూ కట్టని చీర ఒకటి ఊరికే భుజాన వేసుకుని, ముడి మీద చేయి వేస్తాను. కడుపు పట్టుకుని చోటు కోసం నిలబడ్డ అమ్మ కళ్ళముందు కదులుతుంది. ముడి విప్పకుండానే ఆ చీర తీసి, కట్టుకునేవాళ్ళకు ఇచ్చేస్తాను.