మా ఆయన బతికుండగానే వచ్చిన పరామర్శలు

మొన్న శనివారం మా ఆయన నిక్షేపంగా ఉండగానే ఇంటికి పరామర్శలు వచ్చాయి. ఆ నిర్వాకం నాదే!

అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో మేముండే అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోనే లైబ్రరీ. స్వాతంత్ర్య పోరాటం మీద ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకున్నాను. నాకు నాయకులంటే పంద్రాగస్టుకి దండ వేసే ఫోటోలే. చదువుకునే వయసులో మిల్లు పనికి పోయాను. ఇక్కడికొచ్చి మోటెల్ గదులు ఊడ్చాను. మోకాళ్లు అరిగాక ఇప్పటికి కూర్చుని చదువుతున్నాను.

అందులో ఒక పెద్దాయన. తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపించి నిలబడ్డ మనిషి. ప్లీడరుగా సంపాదించిందంతా ఉద్యమానికి ధారపోసి, చివరికి పేదరికంలో పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అలాంటి మనిషిని అలా వదిలేస్తారా! తిట్టడం మొదలుపెట్టి ఏడుపులో పడ్డాను.

అప్పుడే పక్కింటి శ్రావణి కరివేపాకు కోసం వచ్చింది.

"ఏమైంది ఆంటీ?"

"పోయారమ్మా..." అన్నాను.

"అంకుల్?" అంది మా ఆయన ఖాళీ కుర్చీ వైపు చూసి.

ముక్కు చీదుకుంటూ బయటికి చెయ్యి ఊపాను. ఇండియన్ స్టోర్‌కి వెళ్లారని నా ఉద్దేశం. ఆ పిల్ల నన్ను పట్టుకుని భోరుమంది. దేశం కోసం ఇంత ఏడ్చే పిల్లలున్నారా అని నాకు ఏడుపు రెట్టింపైంది!

మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో కబురు పాకిపోయింది. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా, తలా ఒక గిన్నె పట్టుకొచ్చారు. పప్పు, చారు, పెరుగన్నం.

"ఎలా జరిగింది ఆంటీ?" అన్నాడు శ్రావణి మొగుడు.

"ఎన్నిసార్లు జైల్లో పెట్టారో బాబూ!"

"అంకుల్‌నా? వీసా ప్రాబ్లమా?"

అంతలో మా ఆయన భుజాన బియ్యం బస్తాతో వచ్చారు. శ్రావణి కెవ్వుమంది.

"గుమ్మంలో ఇన్ని చెప్పులేమిటే? పేరంటమా?" అన్నారాయన.

పుస్తకం చూపించి సంగతి చెప్పాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నాకు మళ్లీ మండింది.

"నవ్వండి! ఆ మహానుభావుడి పేరు ఒక్కరు చెప్పండి చూద్దాం!"

ఎవరికీ తెలియదు. మొన్నటిదాకా నాకూ తెలియదు, ఎవర్నని ఏం లాభం?

శ్రావణి మెల్లగా అడిగింది: "ఆయన పోయినప్పుడు వాళ్లింటికి ఎవరైనా అన్నం తీసుకెళ్లారా ఆంటీ?"

"పుస్తకంలో రాయలేదమ్మా."

గిన్నెలు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. నేను ఆ పేజీలు పైకి చదివాను, వాళ్లు వింటూ తిన్నారు.

తర్వాతి అధ్యాయంలో మీసాలైనా సరిగ్గా రాని కుర్రాణ్ణి ఉరి తీస్తారట. ఈ పూట పుస్తకం తెరిచానో లేదో, మా ఆయన కుర్చీ లాక్కెళ్లి గుమ్మం బయట కూర్చున్నారు, వచ్చేపోయే వాళ్లందరికీ కనిపించేలా!