కనకాంబరం రంగు అతుకు

మా అత్త పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను స్టూడియోలో ఒక పెళ్ళి ఆల్బమ్ పనిలో ఉన్నాను. ఫొటో అంతా నలుపు తెలుపు చేసి పెళ్ళికూతురి చీర ఎరుపు ఒక్కటీ ఉంచమని ఆ ఇంటివాళ్ళు అడిగారు. ఇప్పుడందరూ అదే అడుగుతున్నారు. ఒక చెయ్యి మౌస్ మీద ఉంచుకునే ఫోన్ ఎత్తాను.

"మీ అత్త పోయినాదిరా," అంది అమ్మ. "పొద్దున్న గంప ఎత్తుకుందామని వొంగినాది. అలగే కూలబడిపోనాది. టెక్కలి ఆసుపత్రికి తీసుకెల్లీసరికే అయిపోనాది. బేగి రా."

వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. మొదట నాకు ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది. మనిషి పోయాక నాలుగు మంచి మాటలు రాయడం ఆనవాయితీ. ఆమె గురించి మంచి మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. కానీ నేను ఆమెకు చేసిన పని దాచిపెట్టి అవి మాత్రం రాస్తే, పోయిన మనిషిని ఇంకోసారి అవమానించినట్టే అవుతుంది. అందుకే రెండూ రాస్తున్నాను.

మా అత్త అంటే మా నాన్నకి అక్క. మాది భావనపాడు. మామ ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్ బోట్ల మీద ఉండేవాడు. ఇక్కడ ఇల్లు నడిపింది అత్తే. తెల్లారి పడవలు ఒడ్డుకి రాగానే చేపలు ఏరుకుని గంపకెత్తుకుని, ఆటోలో టెక్కలి వెళ్ళి వీధి వీధీ తిరిగి అమ్మేది. ఇరవై ఏళ్ళు అవే వీధులు. ఏ ఇంట్లో ఏ చేప తింటారో ఆమెకు తెలుసు. బాలింత ఉన్న ఇంటి కోసమని, పాలు పడతాయనే పాలసొర చేప విడిగా ఆకులో చుట్టి గంప అడుగున దాచేది. ఇంకెవరు అడిగినా అది బయటికి తీసేది కాదు.

బయల్దేరే ముందు నూనె రాసి తల నున్నగా దువ్వుకునేది. బొట్టు గుండ్రంగా ఉందో లేదో స్టీలు గిన్నె అడుగున చూసుకునేది. ఆడవాళ్ళెవరైనా నవ్వితే, "సేప కంపు సేపది. మనకెందుకే?" అనేది. ఇంకో అలవాటు కూడా ఉండేది. కొంగు వెనక నుంచి తెచ్చి కుడి భుజం నిండా కప్పుకుని, కొస బొడ్లో గట్టిగా దోపుకునేది. ఎండ మండిపోతున్నా, ఉక్కపోస్తున్నా అలాగే. అది ఆమె పద్ధతి అనుకున్నాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

నేను ఇంటర్ తప్పి, ఫొటోలు నేర్చుకుంటానంటే ఇంట్లో పెద్ద గొడవ. నాన్న బోటెక్కమన్నాడు. అత్త వచ్చి మా గుమ్మంలో కూచుంది.

"ఒగ్గీండి ఆడ్ని," అంది. "అందరూ సముద్రంలోకే ఎల్తే ఒడ్డునుండీవోడెవుడు?"

ఆ ఒక్క మాటతో నాన్న మెత్తబడ్డాడు. నేను శ్రీకాకుళంలో ఏడురోడ్ల జంక్షన్ దగ్గర ఒక స్టూడియోలో చేరాను. రెండేళ్ళకి ఎవరో వాడేసిన కెమెరా ఒకటి నా చేతికొచ్చింది. దాంతో మా ఊరు వెళ్తే ఎవరూ ఫొటో దిగేవారు కాదు. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకునేవారు, మగవాళ్ళు పనుందనేవారు. నేర్చుకునేవాడికి మనిషి కావాలి కదా. అత్త నిలబడేది. వల పక్కన నిలబడమంటే వల పక్కన, పడవ నీడన కూచోమంటే పడవ నీడన. "సరిగ్గా తియ్యరా, ముక్కు వొంకర రానీకు," అనేది. నేను తీసినవి ఎలా వచ్చాయని అడిగేది కాదు. బాగానే వచ్చుంటాయని ఆమె నమ్మకం.

ఐదేళ్ళ కిందట ఒక పొద్దున్న ఒడ్డున ఆమెను వరసగా తీస్తున్నాను. గంప తల మీదకి ఎత్తుకోవడానికి రెండు చేతులూ పైకి లేపింది. అప్పుడే గాలి కొట్టింది. బొడ్లో కొస ఊడి కొంగు వెనక్కి ఎగిరిపోయింది. చేతులు ఖాళీ లేవు, సర్దుకోలేకపోయింది. కుడి చంక దగ్గర నుంచి చేతి మీదకి జాకెట్టు చిరిగి ఉంది. దాని మీద అరచేతి వెడల్పున అతుకు. గోధుమరంగు జాకెట్టుకి కనకాంబరం రంగు గుడ్డ. రోజూ గంపకోసం ఎత్తే చెయ్యి అది. ఎన్ని కుట్లు వేసినా అక్కడే విడిపోయేదట. నేను బటన్ నొక్కాను.

"ఒరే, ఆగు. కొంగు ఎగిరిపోనాదిరా," అంది గంప కింద నుంచి.

"పరవాలేదత్తా," అన్నాను.

ఆ వారమే స్టూడియోలో కొత్త విద్య నేర్చుకున్నాను. ఫొటో మొత్తం రంగు తీసేసి, మనకు కావలసిన చోట బ్రష్‌తో తుడిస్తే అక్కడ మాత్రం అసలు రంగు పైకి తేలుతుంది. పెద్ద కష్టమేమీ కాదు. ఏది ఉంచాలన్నదే అసలు సంగతి. అత్త ఫొటో తెరిచి సముద్రం రంగు తీశాను. ఇసుక రంగు తీశాను. ఆమె చీర, గాజులు, బొట్టు, నోట్లో తాంబూలం ఎరుపు, అన్నీ తీసేశాను. అతుకు మీద మాత్రం బ్రష్ తిప్పాను. బూడిదరంగు లోకం మధ్యలో కనకాంబరం రంగు భగ్గుమంది. నా కళ్ళకి అది ఎంత గొప్పగా కనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి నోరు రావడం లేదు. అదే పేరు మీద సేవ్ చేశాను, పాత రంగుల ఫొటో చెరిగిపోయింది. కార్డు ఖాళీ చేసి ఇంకో పెళ్ళికి వెళ్ళిపోయాను.

శ్రీకాకుళంలో ఒక కాలేజీ హాల్లో ఫొటోల పోటీ పెడితే దాన్ని పంపాను. దానికి పేరు కూడా నేనే పెట్టాను: "అతుకు". మొదటి బహుమతి వచ్చింది.

ఫొటో చూడ్డానికి అత్త, అమ్మ బస్సెక్కి వచ్చారు. అత్త పెళ్ళిళ్ళకి కట్టే ఆకుపచ్చ చీర కట్టింది. కొత్త జాకెట్టు. జడలో పూలు. హాలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే, అక్కర్లేదని నేనే లోపలికి తీసుకెళ్ళాను. మా ఫొటో ముందు ఒక లెక్చరర్ పదిమంది పిల్లల్ని నిలబెట్టి చెబుతున్నాడు.

"చూడండి, కళ్ళు ముందు మొహం మీదకి వెళ్ళవు. నేరుగా ఆ చిరుగు మీదకే వెళ్తాయి. అదీ ఈ ఫొటో గొప్పతనం."

పిల్లలు తలలూపారు. వాళ్ళ వెనక నిలబడి అత్త మొత్తం విన్నది. నేను ఆమె మొహం చూడలేదు, ఆమె చెయ్యి చూశాను. అది మెల్లగా వెనక్కి వెళ్ళి, కొంగు అందుకుని, కుడి భుజం మీదుగా తెచ్చి కప్పుకుంది. ఆ రోజు వేసుకున్న జాకెట్టుకి చిరుగే లేదు.

"బాగా తీసినావురా," అంది నాతో. అంతే.

బస్టాండ్‌లో అమ్మ బస్సు కనుక్కోవడానికి వెళ్ళినప్పుడు అడిగింది.

"మిగతా రంగులన్నీ ఏటి సేసినావురా?"

"తీసేశానత్తా. కంప్యూటర్లో తీసెయ్యొచ్చు."

"ఏదైనా తీసీగలవా?"

"ఏదైనా."

కొంగు కొస మళ్ళీ బొడ్లో దోపుకుంది. అప్పుడంది: "అన్నీ తీసీడం వొచ్చినోడివి, అదొక్కటీ తీసీనేకపోనావేటి?"

నేను నవ్వాను. చదువుకున్నవాడిలా నవ్వాను. "అదే కదత్తా ఫొటోలో అందం, నీకు తెలీదులే," అన్నాను. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. బస్సు వచ్చింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది కూడా.

వారం తిరక్కుండా ఆ ఫొటో పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది, రంగుతో సహా. నేను పది కాపీలు కొన్నాను.

తప్పు చేశానని నాకు ఆ బస్టాండ్‌లోనే తెలుసు. తెలియనట్టు ఉండిపోయాను. ఆ తర్వాత ఊరెళ్ళినా మధ్యాహ్నం వెళ్ళి, ఆమె అమ్మకం నుంచి తిరిగి వచ్చేలోపే బయల్దేరేవాడిని. ఎదురుపడితే కెమెరా సంచిలోంచి తీసేవాడిని కాదు. ఒకసారి ఎవరో ఫోన్‌తో తీయబోతే, "నాకొద్దు, సిన్నపిల్లల్ని తియ్యండి," అని నవ్వుతూ పక్కకి తప్పుకుంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయినా నెలకోసారి ఎవరి చేతికో ఇచ్చి నాకు చేపలు పంపేది. ముళ్ళు తక్కువున్నవే ఏరి, పసుపు రాసి, ఆకులో చుట్టి. నేను తినేవాడిని. బాగున్నాయని ఫోన్ చేసి చెప్పడానికి కూడా మొహం చెల్లేది కాదు.

అత్త పోయిన నాలుగో రోజున, నేను ఊరి నుంచి తిరిగొచ్చాక, ఆమె కూతురు స్టూడియోకి వచ్చింది. నాకు వదిన. పెద్దకర్మకి ఫొటో కావాలంది. ఆధార్ కార్డులో ఉన్నది చూపించింది. అందులో ఎవరూ వాళ్ళలా ఉండరు కదా. నా దగ్గరున్న పాత డిస్కులన్నీ వెతికాను. నేర్చుకునే రోజుల్లో తీసినవి ఎప్పుడో పోయాయి. ఆమె మొహం స్పష్టంగా ఉన్నది ఒక్కటే మిగిలింది. తెర మీద అది తెరుచుకోగానే వదిన తెర దగ్గరికి వంగింది.

"ఇదేనా?" అంది. "దీని మూలంగానే కదరా అమ్మ టెక్కలి మానీసినాది."

అత్త పలాస వెళ్తోందని అప్పట్లో విన్నాను. అక్కడ బేరం బాగుందేమో అనుకున్నాను. వదిన చెప్పింది.

"పేపర్లో పడ్డాక టెక్కల్లో ఒకావిడ అమ్మని అరుగు మీద కూకోబెట్టినాదంట. లోపలికెల్లి పాత జాకిట్లు మూట కట్టి తెచ్చినాదంట. అమ్మ వొద్దంటే, 'పేపర్లో చూశాం కదమ్మా, సిగ్గుపడకు' అన్నాదంట. వీధిలో అందరూ సూస్తన్నారు. ఏటి సేస్తాది? తెచ్చినాది. ఆ మూట విప్పనేదురా. మర్నాడు నించి ఆ వీధికెల్నేదు. నెల తిరక్కుండా ఆ ఊరే మానీసినాది. ఐదేళ్ళు పలాస ఎల్లినాది, రెండు ఆటోలు మారి, తెలీని వీధుల్లో."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"సెప్పొద్దన్నాది. ఆడు సిన్నోడే, ఈ మాట ఇంటే ఆడి పని సెడిపోతాది అన్నాది."

నా పని చెడిపోలేదు. ఆ బహుమతి చూసే నాకు పెళ్ళిళ్ళు వచ్చాయి. ఇప్పుడు కూచున్న ఈ స్టూడియో నాదే.

"అతుకు తీసేస్తాను," అన్నాను.

"తీసీకు. ఉన్నదాన్ని నేదనడమెందుకు? కొంగు కప్పు. అమ్మ అలగే ఉండీది."

"చీర ఏ రంగు?"

వదిన నా వైపు చూసింది. "నువ్వే కదరా తీసినావు?"

నేనే తీశాను. ఆ ఫొటో కొన్ని వందలసార్లు చూసి ఉంటాను, ఎంతమందికో చూపించాను. ఆ చీర రంగు నాకు గుర్తు లేదు. వంకాయ రంగని, మీద సన్నటి తెల్ల చుక్కలని, మామ గుజరాత్ నుంచి తెచ్చాడని వదినే చెప్పింది. గాజులు ఎరుపా ఆకుపచ్చా అంటే ఎరుపంది. పక్కన కూచుని ఒక్కొక్కటీ చెబుతుంటే నేను ఒక్కొక్కటీ రంగు వేశాను. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రమైంది. అన్నిటికన్నా కొంగు కష్టమైంది. గాలికి ఎగిరిన కొంగును వెనక నుంచి తెచ్చి, మడతలు కూర్చి, కుడి భుజం మీద కప్పాలి. రంగు తీసెయ్యడానికి ఆనాడు నాకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

పెద్దకర్మనాడు ఆ ఫొటోకి దండ వేసి కుర్చీలో పెట్టారు. పలాసలో ఆమెతో కలిసి అమ్మే ఆడవాళ్ళు ఆటో చేయించుకుని వచ్చారు. అందరిలోకీ పెద్దామె దగ్గరగా వెళ్ళి చాలాసేపు చూసింది.

"ఎంత నిండుగా ఉన్నాదే," అంది. "ఇది ఎవులు తీసినారు? సేయి మంచిది."

అందరూ నన్ను చూపించారు. పెద్దామె వచ్చి నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆమెకు నిజం చెప్పాల్సింది. వదిన నా వైపే చూస్తోంది. నేను పెద్దామెకి దండం పెట్టాను. అదే ఫొటోకి రెండోసారి మెప్పు తీసుకున్నాను.

అక్కడ ఉండలేక ఇంటి వెనక్కి నడిచాను. బోరింగు చుట్టూ భోజనాల గిన్నెలు తోముతున్నారు. నా చిన్నప్పుడు అత్త అమ్మకం నుంచి రాగానే ముందు ఇక్కడికే వచ్చేది. మోచేతుల దాకా సబ్బు రాసి, నిమ్మచెక్కతో గోళ్ళు రుద్ది, మళ్ళీ కడిగి, రెండు చేతులూ ముందుకు చాపి వేళ్ళు విడదీసి ఎండలో నిలబడేది. తుడుచుకుంటే గుడ్డకి వాసన అంటుకుంటుందనేది. నేను కాళ్ళకి చుట్టుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసేది. నీటి చుక్కలు వేళ్ళ చివర నుంచి ఒక్కొక్కటీ జారేవి. చేతులు అలాగే చాపి, తల వంచి నన్ను చూసి నవ్వేది.

"ఉండరా నాయనా, ఉండు. ఇంకా ఆరనేదు."