పన్నెండు వందల క్యాలరీలు

ఇయ్యాల పొద్దుగాల మా మనుమరాలు సునీత బోరింగు కాడ నీళ్ల బిందెతో సహా కళ్లు తిరిగి పడ్డది. సన్నబడాలని ఏదో పత్రికల 'దినానికి పన్నెండు వందల క్యాలరీలు' అనే పట్టిక చూసి, నాలుగు దినాల సంది జొన్నరొట్టె బంద్ పెట్టిందట.

"క్యాలరీ అంటే ఏందే?" అన్న.

"తిండిల ఉండే శక్తి, అవ్వా."

"మరి శక్తి తగ్గించుకొని బిందె ఎట్ల ఎత్తుతవే, పిచ్చిదానా?"

ఆ పట్టిక నేనూ చదివిన. కూసుంటే ఇన్ని, నడిస్తే ఇన్ని అని రాసిన్రు. బోరింగు కొట్టుడు, ఆరు బిందెలు మోసుడు అండ్ల యాడా లేదు. రాసినామె ఇంట్ల నల్లా ఉన్నట్టుంది!

పిల్లకు రెండు రొట్టెలు పెట్టిన. మూడోది తనే అడిగింది. నా కోపం మాత్రం ఇంకా దిగలే. గా పత్రికకు జాబు రాస్తున్న. తిట్లు తక్కువైతే, ఇది చదివేటోళ్లు మీరు అందియ్యుండ్రి.