లిస్టుకెక్కని చెల్లె

దవాఖానోళ్ళు అడిగితే మావోళ్ళు ఏడుగురి పేర్లు రాసిచ్చిన్రు. ఏడుగురూ మగోళ్ళే. మా చిన్నబాపు కొడుకులు, పెద్దబాపు కొడుకులు, మా తాత తమ్ముని మనుమలు. నా పేరు రాయలే. మా అన్నకు నేనొక్కతే చెల్లెను. ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్ళం. చచ్చిపోయిన్నా అంటే అదీ లేదు, గూడూరుల అత్తగారింట్ల నిక్షేపంగ ఉన్న.

మా అన్నది బచ్చన్నపేట కాడ పత్తి ఎవుసం. మెడల గడ్డలు లేస్తే ఏడాదికి చూపించుకున్నడు, లింఫోమా అనే కేన్సరన్నరు. మందులెక్కిచ్చిన్రు, తగ్గింది. రెండేండ్లు కాకముందే మళ్ళ తిరగబెట్టింది. ఇగ సూదులతోని కాదు, సరిపోయే మనిషి దగ్గర మూలకణాలు తీసి ఎక్కిస్తేనే బతుకుతడని పట్నం డాక్టరమ్మ చెప్పింది. రక్తసంబంధీకుల పేర్లన్నీ రాసుకరమ్మన్నది.

బాపు లేడు, మమ్ముల కన్న అవ్వ లేదు. ఇంటికి పెద్ద చిన్నబాపే. కుర్చేసుకొని కూసొని ఆయనే రాసిండు. మా దిక్కు రక్తసంబంధం అంటే పాలోళ్ళే. ఇంట్ల చావైతే పది రోజులు మైల పట్టేటోళ్ళు. పెండ్లైన ఆడిబిడ్డ ఆ లెక్కల ఉండదు, మూడు రోజులకు స్నానం చేసి అత్తగారింటికి పోతది. చిన్నబాపు కుళ్ళుతోని చేసిండని నేననను. మైల పట్టేటోళ్ళను ఏళ్ళ మీద ఎంచిండు, రాసిండు, గంతే.

ఏడుగురు జీపు మాట్లాడుకొని పోయిన్రు. భూపాలపల్లి బొగ్గుబాయిల పనిచేసే చిన్నబాపు కొడుకైతే డ్యూటీ ఇడిసిపెట్టి వచ్చిండు. నెత్తురు పరీక్షల ఒక్కలది కూడ కలవలే. అప్పుడు చేసిండు చిన్నబాపు నాకు ఫోన్.

"బిడ్డా, మనోళ్ళది ఎవ్వలిదీ కలవలేదట. ఇగ దేవుని మీద భారమేసుడే."

"నాది చూసిన్రా చిన్నబాపూ?"

"నువ్వెట్లయితవే? నువ్వు వాళ్ళింటిదానివి గద."

వాళ్ళింటిదాన్నట! నెత్తిన నాలుగు తలంబ్రాలు పడంగనే నా ఒంట్ల నెత్తురు మారిపోయిందా? నోటికొచ్చినట్టు తిట్టిన. పెద్దమనిషని కూడ చూడలే. ఫోన్ పెట్టేసి ఏడ్సిన. ఇన్ని రోజులు గీ ఏడుగురి చుట్టు తిరిగిన్రు, ఆడ మా అన్న ఎండుకపోతున్నడు. మా ఆయన పత్తి ఏరుడైనంక పోదామన్నడు. నువ్వేరుకో అని చెప్పి, తెల్లారి మానుకోటల రైలెక్కిన.

డాక్టరమ్మ నన్ను ఎగాదిగ చూసింది. "సొంత అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు ఎవరూ లేరని చెప్పారే?" అన్నది.

"ఉన్న మేడం. లిస్టు రాసినోళ్ళకు కనబడలే."

నెత్తురు తీసుకున్నంక నన్ను కూసోబెట్టి చెప్పింది. మన ఒంట్ల రోగాలతోని కొట్లాడే కణాలుంటయట. మనదేదో, పరాయిదేదో అవి గుర్తుపట్టేటందుకు కొన్ని జన్యువులుంటయట. వాటిల ఒక వాటా తల్లి ఇస్తది, ఒక వాటా తండ్రి ఇస్తడు. తోడబుట్టినోళ్ళకు రెండు వాటాలూ ఒక్కతీరుగ వచ్చే అవకాశం నాలుగింట్ల ఒకటి. పాలోళ్ళల్ల కలిసుడు చానా అరుదు. నాకు కడుపు మండింది. తల్లి వాటా సగమంటే, మా అవ్వ మా అన్నకిచ్చిన సగం ఆ ఏడుగురిల యాడికెల్లి వస్తది? నన్నే కాదు, మా అవ్వను కూడ మరిచిన్రు.

రెండు వారాలకు ఫోనొచ్చింది. కలిసింది. మొత్తం కలిసింది! వాకిట్ల నిలబడి గట్టిగ ఒర్రిన, పక్కింటోళ్ళు ఏమైందోనని ఉరికొచ్చిన్రు.

మళ్ళ పోయినప్పుడు డాక్టరమ్మ ఇంకో ముచ్చట చెప్పింది. ఆ జన్యువుల్ల కొన్ని తేడాలుంటే లింఫోమా ముప్పు జర ఎక్కువుంటదట. అన్నకు ఆ జాగల ఏమున్నదో నాకూ అదే ఉంటది, మొత్తం కలిసింది గద. "ముప్పు ఎక్కువంటే వచ్చి తీరుతుందని కాదమ్మా. ఇలాంటి తేడాలున్న చాలామందికి జీవితంలో రాదు. గడ్డ కనబడితే, ఊరికే జ్వరం వస్తుంటే, బరువు తగ్గితే వెంటనే రా" అన్నది.

భయమైంది. అబద్ధమెందుకు చెప్పాలె? నాకు తెల్వకుండనే చెయ్యి మెడ మీదికి పోయింది. దవాఖాన మెట్ల మీద కూసున్న.

డాక్టరమ్మ చెప్పింది చిన్నబాపు కూడ విన్నడు, వచ్చి పక్కన కూసున్నడు. మెల్లగ చెప్పిండు. "బిడ్డా, గీ ముచ్చట బయట పెట్టకు. వంశంల ఉన్నదంటే రేపు మన పోరగాళ్ళకు సంబంధాలెవలిస్తరు?"

అప్పుడు లేసింది నాకు కోపం. "బాపు మెడల గడ్డలొచ్చినప్పుడు ఏం చేసిన్రు? పసరు కట్టి, ఊరందరికి కామెర్లని చెప్పలేదా? బాపును చంపింది ఆ గడ్డలేనని ఎరికుంటే అన్న ఏడాది దాంక గడ్డను మఫ్లర్ కింద దాసుకొని తిరుగుతుండెనా? నేనైతే చెప్త. మానుకోటల చెప్త, జనగామ బస్టాండ్ల నిలబడి చెప్త. నా పిల్లలకు మొదలు చెప్త."

మూలకణాలు నెత్తురులకు రావాలెనని నాకు ఐదు రోజులు సూదులిచ్చిన్రు. బొక్కలన్ని ఇరగ్గొట్టినట్టు నొచ్చినయి. ఆరోనాడు మిషిన్ పక్కన పండబెట్టి, ఒక చేతిలకెల్లి నెత్తురు తీసి, అందుల కావాల్సింది పట్టుకొని, మిగిలింది ఇంకో చేతికి ఎక్కిచ్చిన్రు. చిన్న సంచిల ఎర్రగ జమైంది. గిదేనా, గింతేనా అనిపించింది. అది అన్నకెక్కినంక రోజులు గడవలే. నోరంత పుండ్లు, జ్వరం. ఒకనాడైతే చెల్లె అని కూడ పిలవలేకపోయిండు. నా వల్లనే ఏమన్న అయితదా అని నేను అన్నం ముట్టలే.

నా కణాలు అన్న ఒంట్ల అతుకబడ్డయి. నెల దాటినంక డాక్టరమ్మ నవ్వుకుంట వచ్చింది, చేతుల రిపోర్టు. చిన్నబాపు, ఆ ఏడుగురిల నలుగురు నా పక్కనే నిలబడ్డరు. కొత్త నెత్తురు పూర్తిగ చెల్లెదేనని, పరీక్షల ఆడమనిషి కణాలని వచ్చిందని చెప్పింది.

చిన్నబాపు మొకం మాడింది. "మగోనికి ఆడిదాని నెత్తురని రాసుడేంది మేడం? గా మాట జర తీసెయ్యరాదుండ్రి."

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. నేనే అందుకున్న.

"ఎందుకు తీసెయ్యాలె చిన్నబాపూ? ఆ ఆడిదాని నెత్తురే లేకుంటే, ఇయ్యాల మీరంత ఈడికి కాదు, అన్నను మోసుకొని బొందలగడ్డకు పోతుండేటోళ్ళు."